వీపు పైకా, పొట్ట పైకా

కాలేజీలో ఆవిడ అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. అందరికీ పురుగులమ్మే. చేప మొప్పల్లో పురుగులు, ఉడుము పేగులో పురుగులు, బల్లి ఊపిరితిత్తిలో పురుగులు. ఇంతవరకు ఏ మనిషీ చూడని పురుగు కనిపిస్తే దాని కొలతలు తీసి, బొమ్మ వేసి, పేరు పెట్టి, లోకానికి చెప్పడం ఆవిడ పని. లోకం వింటుందా అంటే, ఈ భూమ్మీద ఆ సంగతి పట్టించుకునేవాళ్ళంతా ఒక బస్సులో పడతారు, కిటికీ పక్క సీట్లు ఇంకా మిగులుతాయి.

మొగుడు మోటార్ల మేస్త్రీ. కాలిపోయిన పంపు మోటార్లకి కొత్త రాగితీగ చుడతాడు. చేతులు నెమ్మది, నోరు మాత్రం ఊరుకోదు.

"ఏమే, ఇవాళ ఎవరికి పేరు పెట్టావు?" అని అడుగుతాడు ఆవిడ చెప్పులు విప్పకముందే.

"ఎవరికీ పెట్టలేదు. తొండ పేగులో ఉన్నది పాతదే."

"మా అమ్మ పేరు ఒకదానికి పెట్టరాదూ? పట్టుకుంటే వదలని గుణం. సరిగ్గా అతుకుతుంది."

"మీ అమ్మ బతికినన్నాళ్ళూ నాకే పేర్లు పెట్టింది. ఆ లెక్క ఆవిడే తీర్చేసుకుంది లెండి."

ఇలా నవ్వుకుంటూ కాలం గడిపేసే మనిషికి ఒక్క పురుగు దగ్గర మాత్రం మనసు చిక్కుకుంది. అది ఆవిడ కనుక్కున్నది కాదు. మాస్టారు కనుక్కున్నది.

కత్తెర ఎలా పట్టుకోవాలో, కప్ప పొట్ట చర్మం లోపలి తిత్తి తెగకుండా ఎలా కొయ్యాలో ఆవిడకి నేర్పింది మాస్టారే. ఆయన వయసులో ఉన్నప్పుడు, గుట్ట వెనక వాగులో బొటనవేలంత గోధుమరంగు కప్ప ఒకటి దొరికింది. దాని ఉచ్చతిత్తిలో ఒక పురుగు, వరిగింజలో సగం లేదు, ఆకులా పల్చన, కింద పట్టుకుని పీల్చే ఆరు చూషకాలు, రెండు కొక్కేలు. ఎవరూ చూడనిదని తేల్చుకుని గాజు పలక మీద అతికించి, బొమ్మ వేసి, పెళ్ళయి ఇంటికొచ్చిన కొత్తలో ఉన్న భార్య పేరు దానికి పెట్టారు. అమ్మగారు ఆ సంగతి విని, "నగ చేయిస్తారనుకుంటే నన్ను ఉచ్చతిత్తిలో కూర్చోబెట్టారా!" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని నవ్వేదట. నవ్వేది గానీ, ఆ అచ్చుకాగితం మాత్రం చీరల మధ్య దాచుకుంది.

కొన్నాళ్ళకి ఇంకో దేశం పండితుడు ఒకాయన దాని మీద రాశాడు. ఇది కొత్తది కాదు, మా కప్పల్లో ఉండేదే. అన్నీ కలుస్తున్నాయి, ఒక్క గుడ్ల సంచి తప్ప. మా దానికి అది కుడి పక్క ఉంటుంది, మీరు ఎడమ అని రాశారు. మీరు పురుగుని పొట్ట పైకి పెట్టి అతికించి, ఆ సంగతి మరిచి, కంటికి కనపడ్డట్టు రాసేశారు, అని. వెల్లకిలా పడుకున్న మనిషి మీదకి వంగి చూస్తే అతని కుడిచెయ్యి మన ఎడమ వైపుంటుంది కదా, అదీ ఆయన వాదం.

"నేను వీపు పైకే అతికించాను. ఎడమ అంటే ఎడమే," అన్నారు మాస్టారు. పలక తీసి చూపిస్తే సరిపోయేది. కానీ అతికించిన జిగురు ఈలోపు నల్లబడిపోయి ముదురు పాకంలా గడ్డకట్టింది. లోపల పురుగు నీడలా కనపడుతుందే గానీ, వీపో పొట్టో దేవుడికే తెలియాలి.

దాంతో ఆ పేరు అటు నిలవనూ లేదు, ఇటు పోనూ లేదు. ఆ విద్య పుస్తకాల్లో ఖాయమైన పేర్లన్నీ అయ్యాక చివర సందేహపు పేర్లని కొన్ని వేస్తారు. అమ్మగారి పేరు అక్కడ పడింది. ఆవిడ పోయింది. పేరు అక్కడే ఉంది. అదే వాగులో, అదే జాతి కప్పలో, అదే పురుగు మళ్ళీ దొరికితే తప్ప తేలదు. గుడ్ల సంచి ఎడమనుంటే పేరు నిలుస్తుంది. కుడినుంటే పోతుంది. అంతే.

ఇప్పుడు మాస్టారు మంచం దిగరు. అన్నం తిన్నదీ లేనిదీ గుర్తుండదు. కొడుకు ఇవాళ ఊళ్ళో ఉన్నాడా లేడా గుర్తుండదు. పురుగులమ్మ అడుగు వినపడితే చాలు, అదొక్కటే గుర్తొస్తుంది.

"కప్ప దొరికిందా పిల్లా?"

పిల్లకి జుట్టు సగం నెరిసింది. "లేదు మాస్టారూ."

"ఈ వానకి చూడు."

ఆవిడ ఏ వానకీ మానలేదు. మానింది కప్పలే. గుట్ట మీద కంకర మిల్లు పెట్టిన దగ్గర్నుంచి వాగులో నీళ్ళు తెల్లగా, సున్నం కలిపినట్టు పారుతున్నాయి. రాళ్ళ కింద వేలు పెడితే పిండిలాంటి బురద. ముందు చేపపిల్లలు పోయాయి, తర్వాత ఎండ్రకాయలు, ఆ తర్వాత ఈ కప్పల అరుపు పల్చబడి పల్చబడి, ఒక ఏడు అసలు వినపడలేదు.

ఈ ఏడు, మొదటి గట్టి వాన వెలిసిన సాయంత్రం, ఆవిడ గొడుగు ముడుచుకుని ఒడ్డున నిలబడి ఉంటే, పగిలిన సిమెంటు గొట్టం కిందనుంచి వినపడింది. దువ్వెన పళ్ళ మీద గోరు గీసినట్టు, కిర్ర్, కిర్ర్ అని. ఆవిడ వెంటనే వంగలేదు. ఇంకోటి బదులిస్తుందేమోనని ఆగింది. కప్ప అరిచింది. ఆగింది. మళ్ళీ అరిచింది. మిల్లు ఆగిన నిశ్శబ్దంలో ఆ అరుపు ఒడ్డు నుంచి ఒడ్డుకి పోయి, అక్కడ ఎవరూ లేక ఊరుకుంది. చీకటి పడేదాకా విని, చివరికి చెయ్యి పెట్టి తీసి తడిగుడ్డ సంచిలో వేసుకుంది. మగది. గొంతు కింద చర్మం ఇంకా కదులుతోంది.

కాలేజీలో తన గదిలో దాన్ని గాజు తొట్టిలో పెట్టి, మర్నాడు అడుగునున్న నీళ్ళు పిప్పెట్టుతో తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. గుడ్లు! కప్పవి కావు, పురుగువి. తేనె రంగులో, కొసలు సన్నబడి, మెరుస్తూ. అంటే లోపల అది ఉంది, బతికే ఉంది. ఈ జాతి పురుగుకి ఒక తెలివి. తన కప్ప జత కోసం పిలిచే రోజుల్లోనే తనూ గుడ్లు పెడుతుంది. గుడ్లు పగిలేసరికి నీళ్ళలో తోకకప్పలు తిరుగుతుంటాయి, తన పిల్లలు వాటికి అంటుకుంటాయి. ఎన్ని తరాల నుంచో ఆ లెక్క తప్పలేదు. ఈసారి బదులు పలికే కప్ప లేదని ఈ కప్పకి తెలియదు. అంటుకోవడానికి తోకకప్పలుండవని ఆ పురుగుకి తెలియదు.

తెలిసింది పురుగులమ్మకే. తిన్నగా మాస్టారింటికి వెళ్ళింది.

"కప్ప దొరికిందా పిల్లా?"

"దొరికింది మాస్టారూ. గుడ్లు కూడా పెట్టింది, పురుగు."

ముసలాయన దిండు మీద మోచెయ్యి ఆనించి లేవబోయారు. కోడలు పరుగున వచ్చి పట్టుకుంది.

"మరి ఇక్కడేం చేస్తున్నావే? కొయ్యి!"

"ఒక్కటే ఉంది మాస్టారూ. వాగు మొత్తానికి."

"మగదా, ఆడదా?"

"మగది."

మాస్టారు మళ్ళీ దిండు మీదకి వాలారు. తర్వాత పాఠం చెప్పే గొంతుతో అన్నారు. "ఒక్క మగకప్ప మిగిలిందంటే మిగిలినట్టు కాదు పిల్లా. పోయినట్టే. అది పోయిన కప్ప. లోపల ఉన్నది పోయిన పురుగు. పోయేలోపు చూసి రాయి. మన చేతిలో ఉన్నది అంతే."

"అలాగే మాస్టారూ," అంది.

అందిగానీ కొయ్యలేదు. కత్తెర మరిగించింది, చల్లార్చింది, మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. ఇంకొక్క వాన చూద్దాం, ఎక్కడో ఒక ఆడది ఉండకపోదు అనుకుంది. ఎన్ని కప్పల్ని కోసిన చెయ్యి అది! ఈ ఒక్కదాని దగ్గరికొచ్చేసరికి మొదటిసారి కత్తెర పట్టిన పిల్లలా వెనక్కి తగ్గింది. తన మీద తనకే చిరాకేసింది. మొగుడితో అంటే అతను తీగ చుట్టడం ఆపి, "పోనీ నాలుగు రోజులు బతకనీవే. దాని సొమ్మేం పోయింది, నీ సొమ్మేం పోయింది?" అన్నాడు. ఆవిడకి కావలసిన మాట అదే. పట్టుకుంది.

ఇంతలో కాలేజీ అటెండరు వచ్చి గుమ్మంలోంచే కేకేశాడు. "అమ్మా, రేపట్నుంచి మన వరసంతా చెదల మందు కొడతారంట. మీ గది కూడాను. ముందుగా సర్దుకోండి."

"నా గదికి పురుగుల మందా!"

"అదే కదమ్మా, మందు కొట్టేవాడు కూడా మీ గుమ్మం మీద పురుగుల బోర్డు చూసి నవ్వుతున్నాడు. ఇంక పని చూపించక్కర్లేదు, ఇక్కడే మొదలెడతాను అంటున్నాడు."

గాజు పలకలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసి, కప్పని తొట్టితో సహా ఆటోలో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. వెనక వసారాలో, నీడలో, చిల్లులున్న మూత వేసి పెట్టింది.

"దాన్ని ముట్టుకోకండి. చేతి చెమట తగిలినా దానికి పడదు," అంది మొగుడితో.

"నీ చుట్టాన్ని నేనెందుకు ముట్టుకుంటాను?"

ముట్టుకోవద్దని చెప్పింది. నీళ్ళ మాట చెప్పలేదు. ఆ నీళ్ళు వాగువి, తనే సీసాల్లో పట్టి తెచ్చి, తేర్చి, అడుగున పరిచిన వాగు ఇసుక మీద పోసింది. చెప్పాలని తట్టలేదు. తన గదిలో ఆ మాట ఎవరికీ చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు మరి.

మర్నాడు మధ్యాహ్నం వాన పడింది. కాలేజీలో ఉన్న ఆవిడ మనసులో ఒప్పందం చేసుకుంది. ఈ సాయంత్రం వాగు దగ్గర ఇంకొక్క అరుపు వినపడితే దాన్ని తీసుకెళ్ళి వదిలేస్తాను. వినపడకపోతే ఇంటికొచ్చి కోసేస్తాను. ఇక సాకులు లేవు. వెళ్ళింది. ఒడ్డంతా నడిచింది. గొట్టాల కింద, వంతెన కింద, ముళ్ళపొదల మొదట్లో చెవి పెట్టింది. కంకర మిల్లు చప్పుడు తప్ప ఏమీ లేదు. మిల్లు ఆగాక అదీ లేదు. సరే అనుకుని వెనక్కి తిరిగింది. దారంతా ఏది ముందు, ఏది తర్వాత అని లెక్క వేసుకుంటూనే వచ్చింది: నీళ్ళు మరిగించాలి, పురుగుని నిలవుంచే మందు కలపాలి, పలకలు తుడవాలి. చాలాకాలం తర్వాత గుండె తేలిగ్గా ఉంది.

మొగుడు గుమ్మంలోనే ఎదురొచ్చాడు, ఘనకార్యం చేసిన ముఖంతో.

"నీ చుట్టానికి స్నానం చేయించానే! ఎంత మురికి నీళ్ళలో కూర్చోబెట్టావు దాన్ని! అడుగున మట్టి, ఇసుక... చూడలేకపోయాను. చెయ్యి తగలనివ్వలేదు సుమా, టీ జల్లెడలోకి ఒంపి, తొట్టి కడిగి, కుళాయి నీళ్ళు తేటగా పట్టి పెట్టాను."

ఆవిడ చెప్పులతోనే వసారాలోకి పోయింది. నీళ్ళు నిజంగానే తేటగా ఉన్నాయి. వంగితే బ్లీచింగ్ పౌడరు వాసన ముక్కుకి గుప్పున కొట్టింది. కప్ప కాళ్ళు బారజాపుకుని పడి ఉంది. వేలితో తట్టింది. కర్రముక్కలా కదిలింది.

"పడుకుందనుకున్నానే," అన్నాడు మొగుడు వెనకనుంచి. "పొద్దున్నుంచీ అలాగే ఉంది."

"పొద్దున మార్చారా?"

"నువ్వటు కాలేజీకి వెళ్ళగానే."

ఆవిడ కత్తెర పెట్టె తెచ్చింది. అతని పనిబల్ల మీద రాగితీగ ముక్కలు పక్కకి నెట్టి, అతని దీపం వెలుతురులోనే కప్పని వెల్లకిలా పరిచి కోసింది. ఈ పురుగులకి కప్పే ఇల్లు. ఇల్లు చల్లబడితే అవీ పోతాయి. పోయిన కాసేపటికి, అందులోనూ ఈ ఉక్కలో, కరగడం మొదలెడతాయి. తిత్తి విప్పింది. లోపల చీమిడిలాంటి జిగురు. దాన్ని గాజు మీదకి తీసి, కాలేజీ గదినుంచి తెచ్చుకున్న చిన్న మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. రెండు కొక్కేలున్నాయి. కొక్కేలు గట్టివి, అవి కరగవు. పేగు లేదు, చూషకాలు లేవు, గుడ్ల సంచి లేదు. కుడీ లేదు, ఎడమా లేదు.

"దొరికిందా?" అన్నాడు మొగుడు మెల్లగా.

"పాత నీళ్ళేం చేశారు, గుడ్లున్నవి?"

"మొక్కల్లో పోశాను. ఎందుకే? ఏం తప్పు చేశాను?"

"ఏం చెయ్యలేదు."

"చెప్పవే. తిట్టనైనా తిట్టు."

"కుళాయి నీళ్ళు పోశారు. అంతే. ఎవరైనా అదే చేస్తారు." అంటూ ఆవిడ రాగితీగ ముక్కలు మళ్ళీ బల్ల మీద సర్దింది. నాలుగు రోజులు ముందే తను కోసుంటే ఈ మనిషి చేతికి ఆ పాపం చుట్టుకునేది కాదు. జాలిపడింది ఇద్దరూను. ఇద్దరి జాలీ కలిసి దాన్ని తినేశాయి.

ఆ తర్వాత కొన్నాళ్ళు మాస్టారింటి వైపు పోలేదు. కాళ్ళు రాలేదు. చివరికి కోడలే కబురు పెట్టింది. వెళితే గుమ్మంలోనే ఆపి చెయ్యి పట్టుకుంది.

"అక్కా, మీకో దణ్ణం పెడతాను. మీరు లోపలికెళ్ళి దొరికిందని చెప్పెయ్యండి."

"చెప్పానమ్మా మొన్న. కప్ప దొరికిందనే చెప్పాను."

"అది ఆయనకి గుర్తుంటేనా! కాకి అరిచినా కప్ప అంటున్నారు. జావ తాగరు, మందు మింగరు. అది అత్తయ్య పురుగేనని ఒక్క మాట అనెయ్యండి. నిజమో కాదో చూడ్డానికి ఎవరొస్తారు?"

"చూడకుండా చూశానని ఎలా చెప్పనమ్మా?"

"నేను రోజూ చెప్పట్లేదా, ఆయన కొడుకు సాయంత్రం వస్తాడని?"

చూడని గీత ఒక్కటీ బొమ్మలో వెయ్యని చెయ్యి పురుగులమ్మది. కానీ లోపల ఆ ముసలాయన దగ్గు వింటూ, ఈ గడపలో నిలబడి, నియమాలు పట్టుకు వేలాడడం సిగ్గనిపించింది. వెళ్ళి మంచం పక్కన పీట మీద కూర్చుంది.

"కప్ప దొరికిందా పిల్లా?"

"దొరికింది మాస్టారూ."

"కోశావా?"

"కోశాను."

"ఉందా?"

"ఉంది."

"కొక్కేలు?"

"రెండు. మొదలు దగ్గర చీలి ఉన్నాయి, మీరు వేసిన బొమ్మలో లాగే."

ఇది నిజం. నిజం చెప్పేసరికి ఆవిడ గొంతు కుదుటపడింది. ఆ కుదురే కొంప ముంచింది.

"గుడ్ల సంచి?"

"ఎడమ పక్కే మాస్టారూ. మీరు రాసినట్టే."

కోడలు గుమ్మం దగ్గర కళ్ళొత్తుకుంది. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. కుడిచెయ్యి దుప్పటి మీదకి లేచి, గాలిలో ఏదో పలకని వెలుతురుకి తిప్పి చూస్తున్నట్టు అటూ ఇటూ తిరిగింది.

"ఎలా పరిచావు?"

ఆ విద్యలో ఎవరు ఎవర్నైనా మొదట అడిగే ప్రశ్న అది. అందరూ ఒకేలా పరిచే ఇప్పటి పద్ధతిలో జవాబు కూడా ఒకటే. మనసు అందుకునేలోపే నోరు చెప్పేసింది.

"పొట్ట పైకి."

"చూస్తే నీకు ఎడమన కనపడింది."

"అవును మా..." అని ఆగిపోయింది.

ఆలస్యమైంది. ముసలాయన చెయ్యి గాలిలో ఒకసారి బోర్లా తిరిగి, దుప్పటి మీద పడింది.

"పొట్ట పైకి ఉంటే, నీ ఎడమ దాని కుడి కదే."

"కాదు మాస్టారూ! పురుగు ఎడమే. నేను తొందరలో తప్పు చెప్పాను..."

"తొందరా? నీకా?" ఆయన నవ్వారు. "నీకు కుడి ఎడమలు తెలియకపోతే ఇన్నాళ్ళూ నేను నేర్పిందేమిటి? కుడే. వాళ్ళన్నదే నిజం. నేనే తిరగేసి అతికించి ఉంటాను. ఎడమ కావాలని ఎడమ చూశాను కాబోలు."

"మాస్టారూ, నా మాట వినండి. అసలు నేను పురుగునే చూళ్ళేదు. కప్ప చచ్చిపోయింది, పురుగు కరిగిపోయింది, రెండు కొక్కేలు తప్ప ఏమీ మిగల్లేదు. మీరు సంతోషిస్తారని అబద్ధం చెప్పాను. మీ మాట తప్పని ఎవరూ తేల్చలేరు. నిజం మాస్టారూ!"

మాస్టారు తడిమి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. చిన్నపిల్లని ఊరుకోబెట్టినట్టు మెల్లగా తట్టారు.

"చూడు, ఎంత గడుసుదానివయ్యావో! ఈ ముసలాడు బాధపడతాడని అప్పుడే కప్పని చంపేశావు, పురుగుని కరిగించేశావు. వద్దులే. నీకు అబద్ధం అతకదు పిల్లా. మొదట చెప్పావే, అదే నీ గొంతు."

కోడలు జావ గిన్నె తెచ్చింది. ఆయన మారు మాట్లాడకుండా తాగారు. మందు కూడా మింగారు. మింగి, గోడ వైపు తిరిగి పడుకుని, కాసేపటికి అన్నారు.

"నీ దగ్గరున్న పుస్తకంలో ఆ పేరు కొట్టెయ్యి. సందేహాల్లో కూడా ఉంచకు. సందేహం లేదు కదా ఇప్పుడు."

తర్వాత కూడా ఆవిడ వెళుతూనే ఉంది. వాన పడిందా అని అడుగుతారు. మేస్త్రీ బాగున్నాడా అంటారు. అడిగిందే మళ్ళీ అడుగుతారు. అన్నం తిన్నాక అన్నం ఏదంటారు. కప్ప సంగతి మాత్రం ఎత్తలేదు. అన్నీ మరిచిపోయే మనిషి ఆ ఒక్కటీ మరిచిపోలేదు.